దారి తప్పిన కోరపన్ను

పోయిన సంచికలో, ఖాతాలకు నామినీ పేరు రాయించుకోండి మహాప్రభో అని మొత్తుకున్నందుకు ఫోన్లూ ఉత్తరాలూ బాగానే వచ్చాయి. సంతోషం. ఈసారి లాకర్ల గురించి రాయమని షోలాపూర్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. తప్పకుండా రాస్తాను, కానీ వచ్చే సంచికలో. ఈసారికి బ్యాంకు సంగతులు పక్కన పెట్టి నా పళ్ళ సంగతి చెప్పుకుంటాను. బి.కాం. చదివినవాడికి పళ్ళ గొడవ ఎందుకని మన సంఘంలోని డాక్టర్లు కోప్పడవద్దు. నా నోట్లో జరిగిందే రాస్తున్నాను. వైద్యం విషయాలు నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గర కూచుని, ఆయన విసుక్కునేదాకా అడిగి రాసుకున్నవి. ఇదంతా రాయడానికి అసలు కారణం మా మేనకోడలు. ఆ పిల్ల సంగతి తరవాత చెబుతాను.

కింది వరసలో ముందుపళ్ళు నాలుగూ అయ్యాక, అటూ ఇటూ కోరపళ్ళు ఉంటాయి కదా. నాకు ఎడమవైపు ఆ చోట చిన్నప్పటినుంచీ ఒక పొట్టి పన్ను. పక్కవాటికంటే తెల్లగా, బియ్యపుగింజలా ఉండేది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ చూసి, "మీకు ఒక పన్ను ఎదగలేదండీ" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. నలభై ఏళ్ళ వయసులో, బదిలీ మీద వేరే ఊళ్ళో ఉండగా, అక్కడి పళ్ళ డాక్టరు ఒకాయన అది అరిగిపోయిందని చెప్పి పైన క్యాప్ వేశాడు. ఎక్స్‌రే తియ్యలేదు. తియ్యమని నేనూ అడగలేదు. నాలిక కొసతో లెక్కపెట్టుకుంటే జ్ఞానదంతాలతో సహా 32 ఉన్నాయి. ఇంకేం కావాలి?

ట్రయల్ బ్యాలెన్స్ రెండువైపులా సరిపోయినంత మాత్రాన పుస్తకాల్లో తప్పు లేదని కాదని బి.కాం. మొదటి ఏడాదిలోనే చెబుతారు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసి కూచుంటుంది. ముప్పై ఏళ్ళుగా బ్రాంచి పుస్తకాల్లో అలాంటివి పట్టుకుంటూ జీతం తీసుకున్నవాణ్ణి, నా సొంత నోట్లో తప్పు పట్టుకోలేకపోయాను.

2022 వర్షాకాలంలో ఆ క్యాప్ పన్ను కదలడం మొదలెట్టింది. ఇక్కడే బరంపురంలో మాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒడియా ఆయన. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు కనక మనతో తెలుగులోనే మాట్లాడతారు. పన్ను చూశారు, ఊపి చూశారు, "సార్, ఇది పాలపన్ను" అన్నారు. అప్పటికి నాకు 53 ఏళ్ళు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "ఏటిరా, యాభై దాటేక పాలపన్నా!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఇందులో వింతేమీ లేదట. పాలపన్ను ఊడాలంటే కింద నుంచి అసలు పన్ను పైకి రావాలి. అది వస్తూ వస్తూ పాలపన్ను వేరును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేరు పోయాక పాలపన్ను పట్టు తప్పి ఊడుతుంది. కింద నుంచి వచ్చేదే లేకపోతే వేరు చాలాకాలం అలాగే ఉంటుంది, పన్నూ అలాగే ఉంటుంది. నలభై, యాభై ఏళ్ళ దాకా ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. మరి నా అసలు పన్ను ఏమైంది? కొందరికి అసలు పుట్టదు. "అదో కాదో ఫోటో తీస్తే తెలుస్తుంది" అన్నారు డాక్టరు గారు.

ఆ ఫోటోని ఓపీజీ అంటారు. గడ్డం ఒక దిమ్మ మీద ఆనించి నిలబడితే, యంత్రం చెయ్యి తల చుట్టూ సగం ప్రదక్షిణ చేసి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా రెండు దవడలనీ ఒకే బొమ్మలో పరుస్తుంది. ఫిన్లండ్ దేశపు పాటెరో అనే ఆయన 1940ల చివర్లోనూ 50ల్లోనూ కష్టపడి తయారుచేసిన పద్ధతి. ఒక్కొక్క పన్నుకు తీసే చిన్న ఎక్స్‌రేలో అయితే నా పన్ను ఎప్పటికీ దొరికేది కాదు. ఎందుకంటే అది ఉండాల్సిన చోట లేదు.

కంప్యూటరు తెర మీద బొమ్మ రాగానే డాక్టరు గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత పెన్నుతో కుడివైపు ముందుపళ్ళ వేళ్ళ కింద, దాదాపు గడ్డం ఎముక అంచున, చాప మీద పడుకున్న మనిషిలా అడ్డంగా ఉన్న ఒక పన్నును చూపించారు.

"ఇదిగో సార్, మీ ఎడమ కోరపన్ను."

"అది కుడివైపు కదండీ?"

"అదే నేనూ చెబుతున్నాను."

బయటికి రాకుండా ఎముకలోనే ఉండిపోయే పళ్ళు చాలామందికి ఉంటాయి. జ్ఞానదంతాల సంగతి మీకందరికీ తెలిసిందే. పై కోరపన్ను అలా చిక్కుకుపోవడం నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది. కానీ ఉన్నచోట చిక్కుకోవడం వేరు, ఎముకలోపలే నడుచుకుంటూ గడ్డం మధ్యగీత దాటి అవతలి పక్షంలోకి పోవడం వేరు. ఈ రెండోది అరుదు. వెయ్యిమందికి ఎక్స్‌రే తీస్తే ఒకరిలోనో ఇద్దరు ముగ్గురిలోనో కనిపిస్తుంది. వలస అనే అర్థం వచ్చే పేరుతో పిలిచే దీనికి 1971లో అమెరికా దంతవైద్యులు కొందరు నిర్వచనం ఇచ్చారు. 2001లో జోషి అనే ఆయన ఒక్కరే 28 మంది కేసులు రాసి, పన్ను మధ్యగీతను ఎంత దాటిందన్నది కాదు, దాటే స్వభావం ఉందా లేదా అన్నదే ముఖ్యమన్నారు. మరుసటి ఏడు, 2002లో, అమెరికాలో పనిచేస్తున్న ముప్పరాపు అనే నిపుణుడు ఈ వలసల్ని ఐదు రకాలుగా విడదీశారు. ఇంటిపేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏటవాలుగా గీత దాటేది మొదటి రకం. ముందుపళ్ళ కింద, దవడ అంచు దగ్గర అడ్డంగా పడుకునేది రెండోది. దాటిపోయి అవతలి కోరపన్ను పక్కన బయటికి మొలిచేది మూడోది. ఇంకా ముందుకెళ్ళి అవతలి దవడపళ్ళ కిందికి చేరేది నాలుగోది. సరిగ్గా మధ్యగీత మీద నిలువుగా నిలబడేది ఐదోది. నాది రెండో రకం.

ఎందుకు వెళుతుంది? దీనికి ఒక్కటే జవాబు లేదు. కింది కోరపన్ను మొగ్గ దవడలో చాలా లోతున, అంచుకు దగ్గరగా పుడుతుంది. తొమ్మిది, పది, పదకొండేళ్ళ మధ్య అక్కడి నుంచి పైకి ప్రయాణం చెయ్యాలి. బయలుదేరేటప్పుడే మొగ్గ వాలి ఉంటే, లేదా దారిలో ఒక తిత్తో, పన్ను పదార్థంతోనే ఏర్పడే చిన్న గడ్డో అడ్డుపడితే, పాలపన్ను వేళకు ఊడకపోతే, చోటు ఇరుకైతే, చిన్నప్పుడు గడ్డానికి గట్టి దెబ్బ తగిలితే, అది పైకి పోవడం మాని పక్కకు తిరుగుతుంది. ఒకసారి తిరిగాక ముందుపళ్ళ వేళ్ళకు ముందువైపు, పెదవివైపు, ఎముకలో దానికి రాజమార్గం దొరుకుతుంది. పై దవడలో ఆ సౌకర్యం తక్కువ. ముక్కు అడుగుభాగానికీ పళ్ళ వేళ్ళకీ మధ్య చోటుండదు, నడుమ రెండు ఎముకల అతుకు గోడలా ఉంటుంది. అందుకే వలసపోయేవి ఎక్కువగా కింది కోరపళ్ళే. కింది దవడలోని రెండో చిన్న దవడపన్ను అయితే ఒక్కోసారి ఇందుకు తిరకాసుగా వెనక్కి, చెవివైపుగా పోతుందట. దాని గొడవ మనకొద్దు.

డాక్టరు గారు నాకొక కొలత చెప్పారు, అది అప్పుడే నా డైరీలో రాసుకున్నాను. ముఖం మధ్య నిలువు గీతతో పోలిస్తే పన్ను 30 డిగ్రీల లోపు వాలి ఉంటే సాధారణంగా గీత దాటదు. 30కీ 50కీ మధ్య దాటవచ్చు. 50 మించితే దాటడం దాదాపు ఖాయం. ఈ మూడు అంకెలు పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఇంకొక విషయం విన్నప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను. పన్ను ఎంత దూరం వలసపోయినా దాని నరం మాత్రం పుట్టినవైపు నుంచే వస్తుంది. నా పన్ను కుడివైపు పడుకుని ఉన్నా, దానికి నొప్పి తెలిసేది ఎడమ నరం ద్వారానే. ఈ సంగతి తెలియని వైద్యుడు కుడివైపు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పన్ను మీద చెయ్యి వేస్తే రోగి కేక పెడతాడు. "మీ తెలుగువాళ్ళ లాగే సార్," అని డాక్టరు గారు నవ్వారు, "మనిషి ఒడిశాలో, నరం ఆంధ్రాలో."

ఆ మాట నాకు బాగా నచ్చి ఇంట్లో చెప్పాను. మా అమ్మకు నచ్చలేదు. "మనం ఎక్కడికెళ్ళాంరా? మా నాన్న పుట్టింది ఈ ఊళ్ళోనే, మద్రాసు సర్కారులో. పోయింది ఈ ఊళ్ళోనే, ఒరిస్సాలో. ఆయన కదల్లేదు, గీత కదిలింది" అంది. నిజమే. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురంతో సహా గంజాం అటు వెళ్ళింది. మరునాడు డాక్టరు గారికి అమ్మ మాట చేరవేశాను. ఆయన దండం పెట్టేశారు.

ఇంతకీ నా పన్నును ఏం చెయ్యాలి? నొప్పి లేదు, వాపు లేదు. అలాంటప్పుడు ముట్టుకోకుండా ఏడాదికోసారి ఫోటో తీసి కనిపెట్టుకుని ఉండడం కూడా వైద్యమేనట. బ్యాంకు భాషలో, సస్పెన్స్ ఖాతాలో ఉంచి బ్యాలెన్స్ చూసుకుంటూ ఉండడం. నేను దానికే సిద్ధపడ్డాను. కానీ పన్ను తల చుట్టూ ఎముకలో నల్లటి వలయం ఒకటి ఉంది. త్రీడీ స్కాన్ తీస్తే అది తిత్తి అని, ముందుపళ్ళ వేళ్ళ దాకా పెరిగిందని తేలింది. వదిలేస్తే ఇంకా పెరుగుతుంది, దవడ ఎముక పలచబడుతుంది. తియ్యక తప్పదన్నారు. తీసి వెనక్కి తన చోట నాటవచ్చు కదా అని అడిగాను. చిన్న వయసులో, వేరు పూర్తిగా ఏర్పడకముందు అలా నాటడం ఉందిట. "యాభై మూడేళ్ళకి ఆ ఆశ వద్దు సార్" అన్నారు.

2022 నవంబరులో ఆపరేషన్. ముందు ఎడమవైపు ఇంజెక్షన్, తరవాత చుట్టూ ఉన్న చిగుళ్ళ కోసం కుడివైపు. పెదవి లోపలివైపు కోసి, ఎముకలో కిటికీ తెరిచి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. తిత్తిని ఊడదీసి పరీక్షకు పంపారు. ప్రమాదం లేనిదేనని వారం తరవాత కాగితం వచ్చేదాకా మా ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. నాకు మాత్రం అన్నం సంగతి వేరే కారణం చేత కష్టమైంది. పది రోజులు గంజీ, మజ్జిగా. కింది పెదవి ఒకవైపు రెండు నెలలు మొద్దుబారి ఉంది. కౌంటరు దగ్గర కాఫీ తాగుతుంటే చొక్కా మీద పడేది, నాకు తెలిసేది కాదు. కొత్తగా చేరిన గుమాస్తా కుర్రాడు మర్యాదగా కాగితం అందించేవాడు.

రెండు ముక్కల్నీ డాక్టరు గారు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. పక్కపక్కన పెడితే రెండున్నర సెంటీమీటర్ల పొడవు. ఒక్కరోజు కూడా మెతుకు కొరకని పన్ను.

నలభై ఏళ్ళ కిందట చూసి ఉంటే దీన్ని దారిలో పెట్టగలిగేవారా అని అడిగాను. పదేళ్ళప్పుడు, వేరు ఏర్పడుతూ ఉండగా, వాలు తక్కువగా ఉన్నప్పుడు చూసి ఉంటే అవకాశం ఉండేదన్నారు. పన్ను తల ఒక్కటే కాదు, వేరు కొస కూడా పక్క పన్ను దాటి వెళ్ళిపోయాక లాక్కురావడం ఇంచుమించు అసాధ్యం. "మీ ఇళ్ళలో ఆ వయసు పిల్లలు ఉంటే ఒకసారి పళ్ళు చూడండి. వంశంలో వస్తుందని గట్టిగా చెప్పలేను, కానీ చూస్తే పోయేదేం లేదు" అన్నారు.

2023 సంక్రాంతికి మా చెల్లెలు బెంగళూరు నుంచి వచ్చింది. కూతురికి పదేళ్ళు నిండి పదకొండో ఏడు. అరిసె కొరుకుతున్న పిల్లను దీపం దగ్గరికి పిలిచి నోరు తెరిపించాను. కుడి కోరపన్ను నిండుగా వచ్చేసింది. ఎడమవైపు ఒక పొట్టి పన్ను, బియ్యపుగింజలా.

"ఎన్నాళ్ళైందే, ఇటువైపుది వచ్చి?" అని అడిగాను.

"లాస్ట్ సమ్మర్ మావయ్యా."

ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండోవైపుది రాకపోతే ఫోటో తియ్యాలని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. మా చెల్లెలు వెంటనే ఒప్పుకుంది. ఆమె భర్త ఒప్పుకోలేదు. చిన్నపిల్లకు తలంతా ఎక్స్‌రే ఏమిటన్నారు. రావలసిన పన్ను దానంతటదే వస్తుందన్నారు. పెద్దవాళ్ళ జబ్బుల్ని పిల్లలకు అంటగట్టవద్దన్నారు. ఆయన మాటలో తప్పులేదు, తండ్రి కదా. ఓపీజీలో ఒంటికి తగిలే కిరణాలు, మనకు నేల నుంచీ ఆకాశం నుంచీ కొన్ని రోజుల్లో మామూలుగా తగిలే పాటివేనని నేను చెప్పాను. వినలేదు. మాటా మాటా పెరిగింది. భోజనాల దగ్గర ఇద్దరం ఎడమొహం పెడమొహం. పండగ పూట ఇదేమిటని మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి కేకలేసింది.

కనుమ నాడు సాయంత్రం నా సీసా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "బావగారూ, దీన్ని ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి" అన్నాను. ఆయన ముక్కలు రెండూ అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. కూతురు వెనక నుంచి తొంగిచూసి "ఇంత పెద్దదా!" అంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "అది మేనమామ పోలికని పుట్టినప్పుడే చెప్పేను. ముక్కూ మొహమే అనుకున్నాను గాని" అంది. ఎవరూ నవ్వలేదు.

బెంగళూరు వెళ్ళాక ఫోటో తీయించారు. రాత్రి పదిన్నరకు చెల్లెలు ఫోన్ చేసింది. పన్ను ఉంది. మధ్యగీతవైపు వాలి ఉంది, నలభై డిగ్రీలకు దగ్గరగా. ఇంకా దాటలేదు. నేను లేచి డైరీ తెరిచి ఆ మూడు అంకెలూ మళ్ళీ చూసుకున్నాను, తెలిసినవే అయినా.

మార్చిలో పాలపన్ను తీసేశారు. అలా దారి ఇస్తే కొందరిలో పన్ను తనంతట తానే సర్దుకుంటుంది. ఆరు నెలలు చూశారు. వాలు పెరగలేదు గాని తగ్గనూ లేదు. 2023 అక్టోబరులో చిన్న ఆపరేషన్ చేసి, ఎముకలో పన్ను తలను బయటపెట్టి, దానికి ఒక బిళ్ళ అంటించి, బిళ్ళకు సన్నటి గొలుసు తగిలించి, పళ్ళకు వేసిన తీగకు ఆ గొలుసు కట్టారు. నెలకోసారి కొంచెం బిగిస్తారు. గట్టిగా లాగితే పక్కపళ్ళ వేళ్ళు దెబ్బతింటాయి కనక తొందరపడడానికి లేదు. ఒక్కోసారి పన్ను ఎముకకు అతుక్కుపోయి ఎంత లాగినా రాదని, అప్పుడు తీసెయ్యడమేనని కూడా డాక్టరు ముందే చెప్పారు. ఆ మాట పిల్లకు చెప్పలేదు. పిల్లే ఎక్కడో చదువుకుని, "రాకపోతే నాదీ సీసాలో పెడతారా మావయ్యా?" అని నన్ను అడిగింది. ఏం చెప్పను? బ్యాంకులో రాని బాకీల గురించి మాత్రం చాలామందికి ధైర్యం చెప్పాను.

2024 దసరాకు వచ్చినప్పుడు వీధి అరుగు మీద కూచుని నోరు తెరిచి చూపించింది. చిగురులోంచి తెల్లటి కొస, నువ్వుగింజంత. పక్కకు కాదు, పైకి. వాళ్ళ నాన్న సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, "ఇక్కడ చూడండి బావగారూ, ఇక్కడ" అని ఆ పిల్ల తల అటూ ఇటూ తిప్పుతున్నారు.

తీసిన పాలపన్ను వాళ్ళు కాగితపు కవరులో దాచి ఉంచారు. వాళ్ళది పదో అంతస్తు, పైకప్పు వాళ్ళది కాదు. మా అమ్మ పేడముద్ద తెప్పించి, అందులో పన్ను పెట్టి, మా పెంకుటింటి మీదకు పిల్ల చేత విసిరించింది. మొదటిసారి చూరు తగిలి కిందపడింది. రెండోసారి నిలిచింది. "నీది కూడా పట్రారా, పాలపన్ను" అంది నాతో. నాది క్యాప్‌తో సహా క్లినిక్‌లోనే పోయింది. ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.